తమ్ముడి నుదుటి మీద గరుకు మచ్చ: ఒకరు ఎండ అంటారు, ఒకరు వైరస్ అంటారు. అసలేంటిది?

పల్నాటి పెద్దక్క:

అందరికీ నమస్కారం. మాది నరసరావుపేట దగ్గర పల్లెటూరు. అడిగేది మా తమ్ముడి గురించి. వాడికి 29 ఏళ్లు. కౌలుకి తీసుకుని మిర్చి వేస్తాడు. కాయ కోతకి వచ్చిందంటే పొద్దున లేచింది మొదలు కల్లంలోనే ఉంటాడు.

ఏడెనిమిదేళ్ల వయసు నుంచే వాడికి మెడ మీద, ఛాతీ మీద, భుజాల మీద తెల్లగా, అక్కడక్కడ ఎర్రగా పొలుసు మచ్చలున్నాయి. శోభి అన్నారు. రాసిన ఆయింట్‌మెంట్లకి లెక్కలేదు, ఒక్కటీ పనిచేయలేదు. చేతుల వెనక పులిపిర్లలాంటివి కూడా ఉన్నాయి గానీ అవి పైకి లేచి ఉండవు, బల్లపరుపుగా ఉంటాయి. దురదా లేదు, నొప్పీ లేదు. దాంతో మేమూ వదిలేశాం.

మొన్న సంక్రాంతి వెళ్లాక నుదుటి మీద, జుట్టు మొదలయ్యే చోట ఒక మచ్చ కనపడింది. కంటికంటే చేతికే బాగా తెలుస్తుంది, ఉప్పుకాగితం తడిమినట్టు ఉంటుంది. గీకితే పెచ్చు ఊడి రక్తం చుక్క వస్తుంది. కొన్నాళ్లకి మళ్లీ పెచ్చు కడుతుంది. గుంటూరులో స్కిన్ డాక్టర్ గారు చిన్న ముక్క తీసి బయాప్సీకి పంపారు. రిపోర్టులో "యాక్టినిక్ కెరటోసిస్, పక్క చర్మంలో వైరల్ మార్పులు, ఎపిడెర్మోడిస్‌ప్లాసియా వెరుసిఫార్మిస్ కావచ్చు" అని ఉంది. ఇది క్యాన్సర్ కాదు, క్యాన్సర్‌కి ముందు దశ, వెనకాల హెచ్‌పీవీ అనే వైరస్ ఉంది అని డాక్టర్ గారు చెప్పారు. బయట జనం కిక్కిరిసి ఉన్నారు, ఇంకేం అడగలేకపోయాం.

ఇది ఎండ వల్ల వచ్చిందా, వైరస్ వల్ల వచ్చిందా? అంటుకుంటుందా? మా అమ్మ అప్పుడే వాడి కంచం, తువ్వాలు వేరు పెట్టేసింది. వాడు నోరు తెరిచి ఏమీ అనడు గానీ అన్నం వాకిట్లో కూర్చుని తింటున్నాడు. ఇంకోటి, హెచ్‌పీవీ అంటే ఆడవాళ్లకి గర్భాశయ ముఖద్వార క్యాన్సర్ తెచ్చేది కదా? ఊళ్లో ఒకాయన ఫోన్‌లో చూసి మావాడి నడవడిక గురించి ఏదేదో మాట్లాడుతున్నాడు. పెళ్లి కావాల్సిన పిల్లాడు.

మా అమ్మానాన్నలది మేనరికం. నాన్న అమ్మకి సొంత మేనమామ. ఇది పనికొచ్చే విషయమో కాదో తెలియదు, చెప్పి ఉంచుతున్నా.

గోదారిగాలి:

అక్కా, టెన్షన్ పడకండి. పులిపిర్లకి మా వైపు నల్లజీడి గింజ కాల్చి ఆ రసం చుక్క పెడతారు, మాడి రాలిపోతాయి. మా బాబాయికి అలాగే పోయాయి. ఇంతకీ బంగ్లాదేశ్ చెట్టు మనిషి వీడియో చూశారా? చేతులకి కొమ్మల్లాగా మొలుస్తాయి. ఇదే జబ్బు అని రాశారు అందులో. భయపెట్టాలని కాదు, చూస్తారని చెప్పా.

స్లైడ్ల మాస్టారు:

అమ్మా, నేను పాథాలజిస్టుని, రిటైరయ్యాను. సర్వీసంతా ఇలాంటి ముక్కల్నే మైక్రోస్కోప్ కింద పెట్టి చూశాను. మీ రిపోర్టులో ఉన్న ఎపిడెర్మోడిస్‌ప్లాసియా వెరుసిఫార్మిస్, అంటే కొన్ని రకాల హెచ్‌పీవీని చర్మం అదుపు చేయలేని అరుదైన జబ్బు, దాని స్లైడ్లు మాత్రం వేళ్ల మీద లెక్కపెట్టే అన్నే తగిలాయి.

ముందు ఆ నల్లజీడి సంగతి. గోదారిగాలి గారూ, దాని రసానికి చర్మం బొబ్బలెక్కి పుండు పడుతుంది. క్యాన్సర్‌కి ముందు దశలో ఉన్న మచ్చ మీద అది పెడితే, ఆ తర్వాత అక్కడ ఉన్నది కాలిన పుండా, ముదిరిన మచ్చా అన్నది నాలాంటివాడికి కూడా తేల్చడం కష్టమవుతుంది. దయచేసి వద్దు. చెట్టు మనిషి వీడియోలూ పక్కన పెట్టండి. అలాంటి కేసుల్లో బయటపడింది ఎక్కువగా మామూలు పులిపిర్ల వైరస్, 2వ రకం. దాని దారి వేరు. మీ తమ్ముడికి కొమ్మలేమీ మొలవవు.

ఇక ఎండా, వైరసా అన్నారు. రెండూనమ్మా. ఏది ఎంత అన్నదానికి మీ తమ్ముడి ఒళ్లే సాక్ష్యం చెబుతోంది. ఛాతీ మీది మచ్చల్లోనూ వైరస్ ఉంది, చిన్నప్పటి నుంచీ ఉంది. చొక్కా కింద ఉన్నవి అలాగే ఉండిపోయాయి. మారింది నుదుటి మీదిది. ఈ జబ్బు ఉన్నవాళ్లలో ఎక్కడ చూసినా ఇదే వరస. మచ్చలు ఒళ్లంతా ఉంటాయి, క్యాన్సర్ మాత్రం దాదాపు ఎప్పుడూ నుదురు, ముఖం, చేతుల వెనక భాగం, అంటే ఎండ పడే చోటే మొదలవుతుంది.

స్లైడ్ మీద కూడా ఈ రెండూ పక్కపక్కనే కనిపిస్తాయి. వైరస్ ఉన్న చోట చర్మం పైపొరల్లో కణాలు ఉబ్బిపోయి, లోపలంతా నీలం కలిసిన బూడిద రంగులో ఉంటాయి. మధ్యలో కేంద్రకం, దాని చుట్టూ ఖాళీ. ఒక్కసారి చూసినవాడు ఆ రంగు మర్చిపోడు. దాని పక్కనే యాక్టినిక్ కెరటోసిస్, అంటే ఎండ వల్ల వచ్చే గరుకు మచ్చ ఉంటే, అక్కడ కింది వరస కణాలు క్రమం తప్పి, కేంద్రకాలు పెద్దవై నల్లబడి ఉంటాయి. వెంట్రుక కుదురు పైకి తెరుచుకునే చోట మాత్రం కణాలు చెక్కుచెదరకుండా ఉంటాయి. అందుకే పై పెచ్చు ఒకచోట గులాబీ, ఒకచోట నీలం చారలుగా కనిపిస్తుంది. ఇంకా కిందికి వెళ్తే చర్మంలోని సాగే పోగులు ఎండకి చివికి ముద్దకట్టి ఉంటాయి. 29 ఏళ్ల మన రంగు మనిషికి ఇది రావడం మామూలు సంగతి కాదు. మన చర్మానికి నలుపే గొడుగు. తెల్లవాళ్లలో నలభై దాటాక కనిపించేది మీవాడికి ముప్పై లోపే వచ్చిందంటే ఇంకెవరో చెయ్యి వేశారన్నమాట. ఆ చెయ్యి వైరస్‌ది.

ఈ జబ్బుని 1922లో లెవండోవ్‌స్కీ, లుట్జ్ అనే ఇద్దరు డాక్టర్లు మొదట రాశారు. అప్పట్లో పుట్టుకతో వచ్చే చర్మ దోషం అనుకున్నారు. 1970ల్లో పోలండ్‌లో స్టెఫానియా యబ్లాన్స్కా, పారిస్‌లో జెరార్ ఓర్త్ కలిసి పనిచేసి ఇందులో ప్రత్యేకమైన హెచ్‌పీవీ రకాలున్నాయని, క్యాన్సర్ ముక్కల్లో ఎక్కువగా కనపడేది 5, 8 రకాలని చూపించారు. మనుషుల్లో పాపిలోమా వైరస్‌కీ క్యాన్సర్‌కీ ముడి ఉందని మొదట తెలిసింది ఈ అరుదైన చర్మవ్యాధి నుంచే. గర్భాశయ ముఖద్వారం సంగతి ఆ తర్వాతే తేలింది. 2002లో జన్యువులు కూడా దొరికాయి, ఎవర్1, ఎవర్2 అని. అమ్మ నుంచి ఒకటి, నాన్న నుంచి ఒకటి, రెండు కాపీలూ చెడితేనే జబ్బు. మీరు చివర్లో భయపడుతూ రాసిన మేనరికం మాటే అన్నిటికంటే పనికొచ్చిన మాట.

ఊళ్లో ఆ ఫోన్ ఆయనకి ఇది చదివి వినిపించండి. హెచ్‌పీవీ అంటే ఒక్కటి కాదు, 200కి పైగా రకాలు. ఆడవాళ్లకి ఆ క్యాన్సర్ తెచ్చే 16, 18 ఆల్ఫా గుంపువి. మీ తమ్ముడివి బీటా గుంపువి, చర్మం మీదే బతుకుతాయి. వీటికీ నడవడికకీ ఏ సంబంధమూ లేదు. పుట్టిన కొన్ని వారాల్లోనే తల్లి ఒంటి నుంచి, ఎత్తుకున్నవాళ్ల ఒంటి నుంచి బిడ్డ చర్మం మీదికి చేరతాయి. ఆరోగ్యంగా ఉన్నవాళ్ల కనుబొమ్మ వెంట్రుక పీకి పరీక్ష చేసినా చాలామందిలో దొరుకుతాయి. నా కనుబొమ్మలో ఉండొచ్చు, ఆ ఫోన్ ఆయన కనుబొమ్మలోనూ ఉండొచ్చు. మనకి మచ్చలు రావు, ఎందుకంటే మన చర్మం వాటిని అదుపులో పెడుతుంది. మీ తమ్ముడికి ఆ ఒక్క అదుపే లేదు. కాబట్టి కంచం లోపలికి తెచ్చేయండి. ఈ రోజే.

ఒక్క మాట అడుగుతాను, తప్పుగా అనుకోవద్దు. హెచ్‌ఐవీ పరీక్ష చేశారా? రోగనిరోధక శక్తి బాగా పడిపోయినవాళ్లలో కూడా ఇలాంటి మచ్చలు వస్తాయి. ఏడెనిమిదేళ్ల నుంచే ఉన్నాయన్నారు కాబట్టి నా అనుమానం జన్యువు మీదే. అయినా పరీక్ష చేయించి పక్కన పెట్టేస్తే మంచిది.

బ్రిస్బేన్ సిస్టర్:

నేను ఆస్ట్రేలియాలో నర్సుని, కిడ్నీ మార్పిడి చేయించుకున్నవాళ్ల క్లినిక్‌లో పనిచేస్తా. సొంతూరు ఖమ్మం. మాస్టారు గారు చెప్పింది మాకు ఇక్కడ రోజూ కళ్లెదురుగా ఉంటుంది. క్వీన్స్‌లాండ్‌లో తెల్ల రైతుల చేతుల వెనక చూస్తే పులిపిరి ఏది, ఎండ మచ్చ ఏది అని విడదీసి చెప్పలేం, ఒకదాని మీద ఒకటి ఉంటాయి. కొత్త కిడ్నీని శరీరం తోసేయకుండా ఇచ్చే మందులు రోగనిరోధక శక్తిని తగ్గిస్తాయి కదా, దాంతో ఈ మచ్చలు ఒక్కసారిగా పెరిగిపోతాయి, కొన్ని క్యాన్సర్ అవుతాయి. మావాళ్లందరికీ క్రమం తప్పకుండా తల నుంచి కాలి దాకా స్కిన్ చెక్ ఉంటుంది. కొందరికి పాత మందు ఆపి సిరోలిమస్‌కి మారుస్తారు, దాంతో కొత్త చర్మ క్యాన్సర్లు తగ్గుతాయి.

మాస్టారూ, నాకో సందేహం. మా రిజిస్ట్రార్ (ఇక్కడ స్పెషలిస్టు శిక్షణలో ఉన్న డాక్టర్‌ని అలా అంటారు) ఒకాయన "వైరస్ ఉత్త ప్రయాణికుడు, బండి నడిపేది ఎండే" అంటాడు. ఇంకొకామె కాదంటుంది. మీరు ఎటువైపు?

స్లైడ్ల మాస్టారు:

సిస్టర్ గారూ, మీ రిజిస్ట్రార్ వాదనలో బలం ఉంది. గర్భాశయ ముఖద్వార క్యాన్సర్‌లో ప్రతి క్యాన్సర్ కణంలోనూ వైరస్ డీఎన్‌ఏ ఉంటుంది, దాన్ని తీసేస్తే కణం బతకదు. చర్మంలో అలా కాదు. యాక్టినిక్ కెరటోసిస్‌లో బీటా వైరస్ ఎక్కువ కనపడుతుంది, అది ముదిరి క్యాన్సర్ అయ్యేసరికి తగ్గిపోతుంది. చాలా కణాల్లో ఒక్క కాపీ కూడా ఉండదు. నేరం జరిగిన చోట లేనివాణ్ని నేరస్తుడని ఎలా అంటాం అన్నది ఆయన ప్రశ్న.

రెండో పక్షం వాళ్ల జవాబు, కొట్టి పారిపోయాడు అని. ఎండ తగిలినప్పుడు కణంలో డీఎన్‌ఏ దెబ్బ తింటుంది. బాగుచేసుకోవాలి, లేదా చచ్చిపోవాలి. వైరస్ తయారుచేసే ఇ6, ఇ7 అనే ప్రొటీన్లు ఈ రెంటికీ అడ్డం పడతాయి. వైరస్‌కి కావాల్సింది కణం బతికి విభజన చెందడం, అంతే. ఈలోపు చెడిన జన్యువులు పోగుపడతాయి. అవి తగినన్ని చేరాక ఇక వైరస్ అక్కర్లేదు. 2018లో ఎలుకల మీద దీన్ని చక్కగా చూపించారు. 38వ రకం వైరస్ జన్యువులున్న ఎలుకలకి అతినీలలోహిత కిరణాలు పట్టిస్తే ముందు ఎండ మచ్చల్లాంటివి, తర్వాత క్యాన్సర్ వచ్చాయి. క్యాన్సర్ వచ్చాక ఆ వైరస్ జన్యువుల్ని తీసేసినా గడ్డలు అలాగే పెరిగాయి. అసలు ఆ జన్యువులు లేని ఎలుకలకి అంతే కిరణాలు పట్టించినా గడ్డలు రాలేదు.

2019లో ఇంకో గుంపు దీన్ని అడ్డం తిప్పింది. ఈ వైరస్‌లని గుర్తుపట్టే టీ కణాలు, అంటే రోగంతో పోరాడే ఒకరకం తెల్ల రక్తకణాలు, ఎండకి చెడిన కణాల్ని కూడా ఏరి చంపుతాయని, అంటే ఒంటి మీద వైరస్ ఉండటం ఒకరకంగా కాపలా అని, మీ కిడ్నీ పేషెంట్లు పోగొట్టుకున్నది ఆ కాపలానేనని వాళ్ల వాదన. నన్నడిగితే ఇది కొట్టిపారేయాల్సింది కాదు.

నా మాట కావాలంటే, మామూలు మనుషుల ఎండ మచ్చల్లో వైరస్‌ది సాయం చేసే పాత్రే, పెద్దరికం ఎండది. రోగనిరోధక శక్తి దెబ్బతిన్నవాళ్లలో పెద్దరికం మారిపోవచ్చు. 2025లో అమెరికాలో 34 ఏళ్ల ఒకావిడ కేసు అచ్చయింది. నుదుటి మీదే క్యాన్సర్, ఎన్నిసార్లు తీసినా మళ్లీ వచ్చేది. చూస్తే 19వ రకం బీటా వైరస్ ఏకంగా గడ్డ కణాల డీఎన్‌ఏలోకి చొరబడి ఉంది. ఎండ దెబ్బని బాగుచేసుకునే శక్తి ఆవిడ కణాలకి బాగానే ఉంది, టీ కణాల్లోనే పుట్టుకతో లోపం. మూలకణాల మార్పిడి చేసి కొత్త టీ కణాలు ఇచ్చాక క్యాన్సర్ పోయింది, పులిపిర్లూ పోయాయి. మీ రిజిస్ట్రార్‌కి ఈ ఒక్క కేసు చూపించండి.

ప్రపంచ ఆరోగ్య సంస్థ క్యాన్సర్ విభాగం మాత్రం జాగ్రత్తగానే ఉంది. 5, 8 రకాల్ని, అదీ ఈ ఎపిడెర్మోడిస్‌ప్లాసియా ఉన్నవాళ్ల వరకే, క్యాన్సర్ తెచ్చే అవకాశం ఉన్నవాటి జాబితాలో పెట్టింది.

నైట్‌షిఫ్ట్ నాగరాజు:

పెద్దక్కా, నాకు ఇదే జబ్బు. 38 ఏళ్లు, కరీంనగర్ వైపు. నాకూ మొదట శోభి అన్నరు. ఒక రహస్యం చెప్త, శోభి మందుతో అస్సలు కదలకపోతే అది శోభి కాకపోవచ్చు.

నుదుటి మీద, చెవి ముందు కలిపి నాకు చాలా మచ్చలు తీసిన్రు. లిక్విడ్ నైట్రోజన్ కొడతరు, పొగ లేచినట్టు వస్తది, ముందు చల్లగా అనిపించి తర్వాత సురసుర మండుతది. మర్నాడు నీటి బొబ్బ వస్తది, గిల్లొద్దు. కొన్నిటికి ఫైవ్ ఎఫ్‌యూ అనే క్రీమ్ రాపిచ్చిన్రు. అది రాసినన్ని దినాలు ముఖం ఎర్రగ పుండులెక్క అయితది, పని చేస్తలేదనుకొని మధ్యల ఆపొద్దు. ఒకటి మాత్రం క్యాన్సర్ అని తేలితే కోసి తీసిన్రు, ఇప్పటిదాక మళ్ల రాలే.

నేను మేస్త్రీ పని మానేసి మిల్లుల నైట్ షిఫ్ట్‌కి మారిన. జీతం తక్కువే. కానీ కొత్త మచ్చలు వచ్చుడు బాగ తగ్గింది. మీ తమ్మునికి కల్లం పని వేరేటోళ్లకి అప్పజెప్పే వీలుంటే చూడుండ్రి. క్యాప్ సరిపోదు, చెవులు మెడ మునిగే పెద్ద టోపీ కావాలె, దాని కింద తువ్వాల.

పల్నాటి పెద్దక్క:

అందరికీ దణ్ణం. మాస్టారు గారి మాట అమ్మకి చదివి వినిపించా. కంచం లోపలికి వచ్చింది. తువ్వాలు మాత్రం ఇంకా వేరే ఉంది, అది అమ్మతో రోజూ గొడవే.

నాగరాజు తమ్ముడూ, కౌలు డబ్బు ముందే కట్టేశాం, ఈ ఏడాది వాడు పొలం వదలడు. పొద్దున తొమ్మిది లోపు, సాయంత్రం నాలుగు తర్వాత కల్లం పని చేసేలా మాట్లాడుకున్నాం. మధ్యాహ్నం నాన్నా, నేనూ చూసుకుంటాం.

మాస్టారూ, రెండు అడగాలి. హెచ్‌పీవీ టీకా వేయిస్తే వాడికి తగ్గుతుందా? రెండోది అసలు విషయం. ఇన్నాళ్లూ రాయలేక ఆగాను. మా అమ్మాయి డిగ్రీ రెండో సంవత్సరం. దాన్ని తమ్ముడికే చేయాలని అమ్మ పట్టు. పిల్ల పుట్టినప్పుడే అనుకున్న మాట అది. జబ్బు సంగతి తెలిశాక అమ్మ పట్టు ఇంకా పెరిగింది, బయటివాళ్లు పిల్లనివ్వరు, సొంత మేనకోడలైతే చూసుకుంటుంది అని. మా ఆయన మాకు దూరపు చుట్టం కూడా కాదు. నేనేం చెప్పాలి అమ్మకి?

స్లైడ్ల మాస్టారు:

టీకా గురించి ముందు. మన దగ్గర సీరమ్ వాళ్లు చేసే సెర్వావాక్ నాలుగు రకాలకి, గార్డసిల్ 9 తొమ్మిది రకాలకి. వాటిల్లో బీటా రకం ఒక్కటీ లేదు. అమెరికాలో తొంభై ఏళ్లు దాటిన ఒక పెద్దావిడకి ఈ టీకాని గడ్డల్లోకే ఎక్కిస్తే చర్మ క్యాన్సర్లు కరిగిపోయాయని 2018లో రాశారు. డెన్మార్క్‌లో ఓ చిన్న పరీక్షలో, టీకా వేసుకున్నవాళ్లకి ఎండ మచ్చలు కొంత ఎక్కువ తగ్గాయి. ఇవన్నీ మామూలు రోగనిరోధక శక్తి ఉన్నవాళ్ల సంగతులు. మీ తమ్ముడికి దానితో తగ్గుతుందని నేను చెప్పలేను. డబ్బు ఉంటే ముందు మంచి టోపీకి, ఎస్‌పీఎఫ్ 30 దాటిన సన్‌స్క్రీన్‌కి పెట్టండి. రెండు గంటలకోసారి మళ్లీ రాయాలి, చెమటకి పోతుంది.

ఇక పెళ్లి. లెక్క చెబుతాను, నిర్ణయం మీది. రిపోర్టు చెప్పినట్టు ఇది జన్యువు జబ్బే అయితే, మీ అమ్మానాన్నలు ఇద్దరూ చెడిన కాపీ ఒక్కోటి మోస్తున్నారు. మీకు జబ్బు లేదు కాబట్టి మీరు దాన్ని మోస్తూ ఉండే అవకాశం మూడింట రెండు. మీ నుంచి అమ్మాయికి చేరే అవకాశం అందులో సగం, అంటే మూడింట ఒకటి. తమ్ముడికి రెండు కాపీలూ చెడినవే. అమ్మాయి కూడా మోస్తూ ఉంటే వాళ్ల ప్రతి బిడ్డకీ సగానికి సగం. మొత్తం కలిపితే ఆరింట ఒకటి. అదే తమ్ముడు సంబంధం లేని ఇంటి పిల్లని చేసుకుంటే, బిడ్డలు కాపీ మోస్తారు గానీ జబ్బు వచ్చే అవకాశం దాదాపు ఉండదు. మీ అమ్మగారికి వైరస్, జన్యువు అని చెప్పకండి. ఆరుగురు మనవళ్లలో ఒకరికి ఇదే అని చెప్పండి. ఆవిడ కొడుకు వాకిట్లో కూర్చుని అన్నం తినడం చూసిన మనిషే కదా. అమ్మాయినీ ఒక మాట అడగండి, ఇన్ని పోస్టుల్లో ఆ పిల్ల ఏమనుకుంటోందో ఒక్కచోటా రాయలేదు మీరు.

వైద్యం వరకు ఒక హెచ్చరిక. ఎప్పుడైనా రేడియేషన్ మాట వస్తే ఈ జబ్బు పేరు చెప్పి ఆపండి. ఈ జబ్బులో రేడియేషన్ ఇస్తే క్యాన్సర్ ఇంకా మొండికేస్తుంది. మచ్చ అడుగున గట్టిపడినా, తొందరగా పెరిగినా, పుండు పడి మానకపోయినా ఆగకుండా చూపించండి. ఏమీ లేకపోయినా మూడు నుంచి ఆరు నెలలకోసారి చర్మమంతా చూపించాలి. ఈ జబ్బున్నవాళ్లలో 30 నుంచి 60 శాతం మందికి ఎప్పుడో ఒకప్పుడు చర్మ క్యాన్సర్ వస్తుందని పుస్తకాలు చెబుతాయి. తొందరగా తీసేస్తే చాలావరకు అక్కడితో అయిపోతుంది.

ఇంకోటి, బయాప్సీ చేసిన ల్యాబ్‌కి వెళ్లి మైనపు బ్లాకు, స్లైడు రెండూ అడిగి తీసుకోండి. రసీదు మీద ఉన్న నంబరు చెబితే ఇస్తారు. జన్యు పరీక్షకి రక్తం ఇచ్చే రోజు తమ్ముడితో పాటు మీరూ ఇవ్వండి. మీకు ఆ కాపీ లేదని తేలితే అమ్మాయికి మీ వైపు నుంచి ఆ భయమే ఉండదు. బ్లాకుని ఎండలో మాత్రం పెట్టకండి, మైనం కరిగిపోతుంది.